మోకాలి గుజ్జుకు రేడియో వేడి: భయమెంత, ఫలమెంత

కృష్ణా డెల్టా దిగువన ఎవరిని అడిగినా మోకాలి నొప్పికి చెప్పే కారణం ఒకటే: "గుజ్జు అరిగిపోయిందంట." శ్రీకాకుళం మొదలుకొని చల్లపల్లి, మొవ్వ, అవనిగడ్డ, నాగాయలంక దాకా ఇదే మాట. (శ్రీకాకుళమంటే ఇక్కడ ఉత్తరాంధ్ర జిల్లా కాదు, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న ఊరు.) ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్ళలు కొన్నాళ్ళు, మోకాల్లో వేసిన స్టెరాయిడ్ సూది కొన్నాళ్ళు పనిచేశాక మనిషి బందరుకో గుడివాడకో, అక్కడా తేలకపోతే విజయవాడకో బస్సెక్కుతాడు. అక్కడ "రేడియో ఫ్రీక్వెన్సీ" అనే మాట చెవిన పడుతుంది. పెద్ద కోత ఉండదు, తొందరగా ఇంటికి పోవచ్చు, కీలు మార్చే పని తప్పొచ్చు అంటారు. వినేవాడికి వెంటనే పుట్టే సందేహం న్యాయమైనదే: కీలు లోపల వేడి పెడితే మిగిలిన గుజ్జు కూడా కాలిపోదా?

ఈ సందేహం మీద పాతికేళ్ళకు పైగా ప్రయోగశాలల్లో, ఆపరేషన్ థియేటర్లలో వాదన నడిచింది. తేలిందేమిటో, తేలనిదేమిటో చూడాలంటే ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఈ పేరుతో రోగికి మూడు వేర్వేరు పనులు జరగవచ్చు. కీహోల్ ఆపరేషన్‌లో కెమెరా దించి, పీచులు లేచిన గుజ్జు, అంటే మృదులాస్థి, మీద వేడి కొనను ఆడించి నునుపు చేయడం ఒకటి. దీన్నే కాండ్రోప్లాస్టీ అంటారు. మోకాలి చుట్టూ ఉండే సన్నటి నరాలను సూదితో వేడిచేసి నొప్పి కబురు మెదడుకు చేరకుండా ఆపడం ఇంకొకటి. ఇందులో గుజ్జును ముట్టుకోరు. ఫిజియోథెరపీ గదిలో మోకాలికి ప్యాడ్లు కట్టి ఇచ్చే డయాథెర్మీ కూడా రేడియో తరంగాల వేడే. అది కండరాలకు కాస్త ఉపశమనం ఇస్తుంది, గుజ్జును బాగుచేయదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాని దగ్గరికి పోకూడదు. దాని సంగతి అంతటితో సరి. అసలు తగాదా అంతా మొదటి దాని మీద.

మృదులాస్థి విచిత్రమైన పదార్థం. బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. మిగిలినది కొల్లాజెన్ పోగులు, వాటి మధ్య నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు. ఈ మొత్తాన్ని తయారుచేసి నిలబెట్టే కణాలు, అంటే కాండ్రోసైట్లు, చోటు లెక్కన నూటికి అయిదు వంతులు కూడా ఉండవు. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. నరాలు లేవు కాబట్టే గుజ్జు దెబ్బతిన్న సంగతి చాలాకాలం మనకు తెలియదు. రక్తం అందదు కాబట్టే దెబ్బతిన్నది తిరిగి పెరగదు. ఈ రెండో సంగతిని విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. రెండున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ మాటను పూర్తిగా తిరగరాయగలిగినవాళ్ళు లేరు. స్వీడన్‌లో బ్రిట్‌బర్గ్, పీటర్సన్ బృందం రోగి కణాలనే బయట పెంచి మళ్ళీ మోకాల్లో పెట్టిన పద్ధతిని 1994లో ప్రకటించింది. అదీ చిన్న గాయాలకే, వయసులో ఉన్నవాళ్ళకే పరిమితం.

ఇక మందం. తొడ ఎముక కింది గుండ్రటి కొనల మీద ఈ పొర సగటున రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. మోకాలి చిప్ప వెనక అంతకన్నా మందం, కొందరిలో అయిదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఈ అంకెలను గుర్తుపెట్టుకోవాలి. వేడి ఎంత లోతుకు పోతుందన్న వాదనంతా ఈ రెండు మిల్లీమీటర్ల చుట్టూనే తిరిగింది.

దెబ్బను నాలుగు మెట్లుగా లెక్కగట్టే పద్ధతిని అవుటర్‌బ్రిడ్జ్ అనే సర్జన్ 1961లో పెట్టాడు. మొదటి మెట్టులో పొర మెత్తబడుతుంది. రెండు, మూడు మెట్లలో పగుళ్ళు, పీచులు, పాత చాప అంచు లేచినట్టు. నాలుగో మెట్టులో ఎముక బయటపడుతుంది. రేడియో వేడి గురించి చెప్పే మంచి మాటలన్నీ రెండు, మూడు మెట్లకే వర్తిస్తాయి. నాలుగో మెట్టులో నునుపు చేయడానికి మిగిలిందేమీ ఉండదు. మన డెల్టాలో మోకాలు పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కే నడివయసు వాళ్ళలో ఎక్కువమంది ఎముకలు ఎక్స్‌రేలో ఒకదానికొకటి ఆనుకున్నాకే వస్తారు. ఆ సంగతికి మళ్ళీ వద్దాం.

లేచిన పీచులను తీసేస్తే కీలు ఒరిపిడి తగ్గుతుందన్న ఆలోచన పాతదే. 1940ల్లో అమెరికా సర్జన్ మాగ్నుసన్ కీలు తెరిచి "ఇల్లు ఊడ్చినట్టు" శుభ్రం చేయాలని ప్రతిపాదించాడు. కెమెరా గొట్టాలు వచ్చాక ఆ పని షేవర్ అనే తిరిగే బ్లేడుతో చేయసాగారు. షేవర్‌తో చిక్కేమిటంటే అది పీచుతోపాటు మంచి పొరనూ గీసుకుపోతుంది, గీసిన చోట మళ్ళీ పీచు లేస్తుంది. 1990ల మొదట్లో లేజర్‌ను ప్రయత్నించారు. కింద ఎముక చచ్చిపోయిన ఉదంతాలు బయటికొచ్చాక అది మరుగున పడింది. ఆ ఖాళీలోకి రేడియో ఫ్రీక్వెన్సీ వచ్చింది. ఇందులో ఒక భారత సంతతి వ్యక్తి చెయ్యి కూడా ఉంది. అమెరికాలో స్థిరపడిన హీరా థప్లియాల్ 1993లో ఆర్థ్రోకేర్ సంస్థను మరొకరితో కలిసి స్థాపించాడు. ఉప్పునీటిలో విద్యుత్తు పంపి కొన దగ్గర పలుచని ప్లాస్మా పొర పుట్టించి, దాంతో కణజాలాన్ని కరిగించే "కోబ్లేషన్" పద్ధతి వాళ్ళదే. మామూలు కాటరీ (కరెంటుతో కణజాలాన్ని కాల్చే పనిముట్టు) కన్నా ఇందులో వేడి బాగా తక్కువని, నలభై నుంచి డెబ్బై డిగ్రీల మధ్యే ఉంటుందని వాళ్ళు చెప్పుకున్నారు. 2014లో ఆ సంస్థను స్మిత్ అండ్ నెఫ్యూ కొనేసింది. నేడు మన థియేటర్లలో "వాండ్" అని పిలిచే పరికరాల వెనక కథ ఇదీ.

డెబ్బై డిగ్రీలు తక్కువ వేడేనా? కాటరీతో పోలిస్తే తక్కువే. కణంతో పోలిస్తే కాదు. కాండ్రోసైట్లు యాభై నుంచి యాభై అయిదు డిగ్రీల మధ్యే చచ్చిపోతాయని పశువుల మృదులాస్థి మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అంటే యంత్రం చెప్పే కనీస వేడికీ, కణం చచ్చే వేడికీ మధ్య ఎడం చాలా సన్నం.

అయినా మొదట వచ్చిన ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. 1998లో టర్నర్ బృందం గొర్రెల మీద చేసిన పనిలో బైపోలార్ వేడి (కరెంటు కొనలోని రెండు ధ్రువాల మధ్యే తిరిగే రకం), షేవర్ కన్నా పొరను బాగా నిలిపిందని కనబడింది. 2000లో కాప్లన్ బృందం మనుషుల మృదులాస్థి ముక్కలపై వేడి ఆడించి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూసి కణాలకు పెద్ద నష్టం లేదంది. ఇదే సమయంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో యాన్ లూ, ఎడ్వర్డ్స్, మార్కెల్ తదితరులు అదే ప్రశ్న వేరే రంగులతో అడిగారు. మామూలు రంగు కణం ఆకారాన్ని చూపిస్తుంది. ఇప్పుడే చచ్చిన కణం ఆకారం ఇంకా చెడదు, బతికినట్టే కనబడుతుంది. లూ బృందం వాడిన జంట రంగుల్లో బతికిన కణం పచ్చగా, చచ్చిన కణం ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగులో బొమ్మ తారుమారైంది. పైన అద్దంలా నునుపుగా ఉన్న చోటే, కింద మిల్లీమీటరుకు మించిన లోతు దాకా ఎర్రటి పట్టీ. బైపోలార్ పరికరాలతో కొన్ని ముక్కల్లో అది ఎముక అంచు దాకా పోయింది. మోనోపోలార్ (కరెంటు ఒంట్లోంచి బయటి ప్యాడ్‌కు పోయే రకం) కొనలతో లోతు కొంత తక్కువ.

ఈ మొత్తం సాహిత్యంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఈ ఘట్టమే. రెండు పక్షాల్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చూసే సాధనం మారింది, అంతే. సర్జన్‌కు కెమెరాలో కనబడే నునుపు, కింది కణాల బతుకు గురించి ఏమీ చెప్పదు. ఆపరేషన్ తరువాత వీడియో చూపించి "చూడండి, ఎంత శుభ్రంగా వచ్చిందో" అనడం ఇప్పటికీ వింటాం. ఆ వీడియో సాక్ష్యం కాదు. 2005లో కాఫీ బృందం బజారులో ఉన్న అయిదు పరికరాలను మనిషి మృదులాస్థి మీదే పోల్చి చూసింది. అయిదూ కణాలను చంపాయి. ఎంత లోతుకు, ఎంత వెడల్పున అన్నదే తేడా.

మరోవైపు వాదన కూడా బలహీనమైనది కాదు. ఒంటి నుంచి తీసిన ముక్కల మీద చేసే ప్రయోగంలో కొన ఒకేచోట ఎంతసేపు ఉంచారు, ఎంత అదిమారు, ఎంత పవర్ పెట్టారు అన్నవి ఫలితాన్ని పూర్తిగా మార్చేస్తాయి. నిజం కీలులో కెమెరా పక్కనుంచి ఉప్పునీరు ప్రవహిస్తూ ఉంటుంది, సర్జన్ చెయ్యి కదులుతూ ఉంటుంది. పైగా పీచులు లేచిన పొరలోని పైకణాలు అప్పటికే సగం చచ్చి ఉంటాయి. షేవర్ కూడా కణాలను చంపుతుంది, మంచి పొరనూ కోసుకుపోతుంది. కాబట్టి పోల్చాల్సింది వేడిని ఏమీ చేయకపోవడంతోనా, బ్లేడుతోనా అన్న ప్రశ్న వస్తుంది. సర్జన్లు బ్లేడుతో పోల్చారు. నేనైతే రెండిటితోనూ పోల్చాలంటాను. ఎందుకో కింద చెబుతాను.

ఈ తగాదాలోంచి సర్జన్లకు పనికొచ్చే మెళకువలు చాలా వచ్చాయి. కొనను పొర మీద అదిమి ఉంచకూడదు, కాస్త ఎడంగా, చీపురు ఆడించినట్టు కదుపుతూనే ఉండాలి. పవర్ కనిష్ఠంగా పెట్టాలి. నీటి ప్రవాహం ఎప్పుడూ ఆగకూడదు. ప్రవాహం ఆగితే కీలులోని నీరే కొద్ది క్షణాల్లో నలభై అయిదు డిగ్రీలు దాటిపోతుందని భుజం కీలు మీద కొలిచి చూపించారు. అలా బయటికొచ్చే వేడినీటితో చర్మం కాలిన ఉదంతాలూ ఉన్నాయి. నీటి విషయంలో ఒక వింత కూడా ఉంది. చల్లటి నీరు పోస్తే గుజ్జుకు మేలనిపిస్తుంది కదా. లూ బృందమే ఇరవై రెండు డిగ్రీల నీటినీ, ఒంటి వేడి ఉన్న ముప్పై ఏడు డిగ్రీల నీటినీ పోల్చి చూస్తే, గోరువెచ్చని నీటిలోనే తక్కువ కణాలు చచ్చాయి. నీరు వెచ్చగా ఉంటే పొర త్వరగా నునుపవుతుంది, కొన లోపల ఉండే సమయం తగ్గుతుంది. ఈ పనిలో కాలమే విషమూ మందూ.

ఇక మనుషుల మీద ఫలితాలు. 2002లో ఓవెన్స్ బృందం మోకాలి చిప్ప వెనక గుజ్జు చెడిన స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు షేవర్, మరో జట్టుకు బైపోలార్ వేడి వాడింది. రెండేళ్ళ తరువాత వేడి జట్టు బాగుంది. జర్మనీలో ష్పాన్ బృందం మూడో మెట్టు గాయాలున్న 60 మంది మీద ఇలాంటి పరీక్షే చేసి, నాలుగేళ్ళ ఫలితాలను 2010లో ప్రచురించింది. వేడి జట్టులో నొప్పి తక్కువ, మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవాళ్ళూ తక్కువ. 2007లో వోలోషిన్ బృందం 193 మందికి ఈ పని చేసింది. వాళ్ళలో వేరే కారణాలతో తిరిగొచ్చి రెండోసారి కెమెరా వేయించుకున్న 15 మందిలో, గాయాల్లో సగానికి పైగా కొంతైనా పూడినట్టు చూసింది. ఎముక చచ్చి మోకాళ్ళు కూలిపోతాయని ప్రయోగశాల పుట్టించిన భయం మనుషుల్లో ఆ స్థాయిలో నిజం కాలేదు. దీన్ని దాచాల్సిన పని లేదు.

అయితే ఈ అంకెలు చిన్నవి. పదుల్లో ఉన్న రోగులతో అరుదైన హాని పట్టుబడదు. వోలోషిన్ 15 మంది తమంతట తాము తిరిగొచ్చినవాళ్ళు, ఎంపిక చేసిన నమూనా కాదు. చాలా పరీక్షల్లో నెలవంక పొరకు, అంటే మెనిస్కస్‌కు, ఆపరేషన్ కూడా కలిపే చేశారు. బాగుపడింది దేనివల్లో విడదీయడం కష్టం. ఇవన్నీ కలిపి చూసిన బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2014లో మార్గదర్శకం ఇచ్చింది. మోకాలిలో అక్కడక్కడ విడిగా ఉన్న గుజ్జు గాయాలకు, దీనిలో ప్రత్యేక శిక్షణ ఉన్న సర్జన్లు ఈ పని చేయవచ్చని దాని సారాంశం. "విడిగా ఉన్న గాయాలు" అన్న చోట గీత గీసుకుని చదవాలి. మోకాలంతా అరిగిన వాత రోగానికి అది ఇచ్చిన అనుమతి కాదు.

హాని ఉదంతాలు కూడా తీసేయలేం. వేడి పెట్టిన చోట కింది ఎముక చచ్చిపోవడం అరుదుగా నమోదైంది. కానీ వేడి వాడకుండా మెనిస్కస్ మాత్రమే కత్తిరించిన మోకాళ్ళలోనూ అది కనబడుతుంది. కాబట్టి నిందంతా వాండ్ మీద వేయడం న్యాయం కాదు. భుజం కథ మరింత చేదు. వదులైన భుజం కీలు సంచిని వేడితో బిగించే ఆపరేషన్ 1990ల్లో జోరుగా సాగింది. కొద్దికాలంలోనే కొందరు యువకుల భుజాల్లో మృదులాస్థి మొత్తం కరిగిపోయింది. దాన్నే కాండ్రోలైసిస్ అంటారు. ఆ రోజుల్లోనే ఆపరేషన్ తరువాత కీలులోకి మత్తుమందు పంపు పెట్టేవారు. దానివల్ల కూడా ఇదే నష్టం జరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది. వేడిదెంత, మత్తుమందుదెంత అన్న లెక్క పూర్తిగా తేలలేదు గానీ, భుజం బిగించే ఆ ఆపరేషన్ దాదాపు కనుమరుగైంది. కొత్త పరికరం ముందు విస్తరించి, పరీక్షలు తరువాత రావడం ఎంత ఖరీదైన అలవాటో ఆ భుజాలు చెప్పాయి.

ఇప్పుడు మన మోకాళ్ళ దగ్గరికి వద్దాం. దేశంలో అయిదు చోట్ల నలభై దాటినవాళ్ళను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో మోకాలి వాతం నూటికి 28.7 మందిలో కనబడింది. డెల్టా పనుల తీరు ఈ అరుగుదలను తగ్గించేది కాదు. ఊడ్పులకు బురదలో గంటల తరబడి వంగి నడవడం, కలుపు తీత, వరి కోశాక అదే మాగాణిలో మినుము తీత, ఇంటికొచ్చి నేల మీద కూర్చునే వంట, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి. నాగాయలంక, గిలకలదిండి వైపు వలలు లాగే మగవాళ్ళ మోకాళ్ళూ తక్కువ భారం మోయవు. ఇలా ఏళ్ళ తరబడి మొత్తంగా అరిగిన మోకాలికి కెమెరా వేసి పీచు నునుపు చేయడం వల్ల లాభమెంత?

దీనికి జవాబు రేడియో వాదనకు బయట దొరుకుతుంది. 2002లో హ్యూస్టన్‌లో మోస్లీ బృందం మోకాలి వాతం ఉన్న 180 మందిని తీసుకుంది. కొందరికి కీలు కడిగారు, కొందరికి షేవర్‌తో శుభ్రం చేశారు, మిగిలినవాళ్ళకు చర్మం మీద కోతలు మాత్రమే పెట్టి కుట్టేశారు. ఎవరికి ఏం చేశారో రోగులకు తెలియదు. రెండేళ్ళ పాటు మూడు జట్ల నొప్పిలో తేడా లేదు. ఆ తరువాత కెనడాలో, ఫిన్లండ్‌లో చేసిన పరీక్షలూ దాదాపు ఇటే మొగ్గాయి. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం అరుగుదల మోకాళ్ళకు కీహోల్ శుభ్రం వద్దని గట్టిగా చెప్పింది. ఉత్త కోతతో సమానమైన పనికి వేడి ఎంత సురక్షితం అని అడగడంలో అర్థం లేదు. లాభం లేనప్పుడు చిన్న హాని కూడా ఎక్కువే. వేడిని బ్లేడుతో మాత్రమే కాక ఏమీ చేయకపోవడంతోనూ పోల్చాలని పైన అన్నది ఇందుకే. యాభై దాటి, మోకాలు వంకర తిరిగి, ఎక్స్‌రేలో సందు మూసుకుపోయిన మనిషికి "వాండ్‌తో గుజ్జు సరిచేస్తాం" అనేవాళ్ళు వైద్యం అమ్ముతున్నారు, చేయడం లేదు.

అదే మండలాల్లో మరో రకం మోకాళ్ళూ ఉన్నాయి. శ్రీకాకుళానికి దగ్గర్లోనే, మొవ్వ మండలంలో కూచిపూడి ఉంది. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి, నిలబడి గంటల తరబడి సాధన, అడుగు అదిమి కొట్టడం, మోకాళ్ళ మీద కూలబడి లేవడం, పళ్ళెం అంచున తరంగం. లోతుగా వంగినప్పుడు చిప్ప, తొడ ఎముకల మధ్య పడే బరువు ఒంటి బరువుకు ఏడెనిమిది రెట్లుంటుంది. నాట్యం నేర్చే ఇరవై ఏళ్ళ పిల్లకు చిప్ప వెనక ఒకేచోట గుజ్జు చిట్లితే, ఆ మోకాలు వాత రోగి మోకాలు కాదు. చుట్టూ పొర బాగుంటుంది, గాయానికి అంచులుంటాయి. కబడ్డీ ఆడే కుర్రాడిదీ అంతే. ముందు మూడు నెలలకు తక్కువ కాకుండా తొడ ముందరి కండరాలకు వ్యాయామం, సాధన పద్ధతిలో మార్పు చేసి చూడాలి. చాలామందికి అంతటితోనే సరిపోతుంది. అప్పటికీ కీలు పట్టేస్తూ, ఎమ్మారైలో రెండు మూడు మెట్ల గాయం ఒంటరిగా కనబడితే రేడియో కాండ్రోప్లాస్టీ ఆలోచించదగినదే. ఓవెన్స్, ష్పాన్ పరీక్షల్లోని రోగులకు కాస్తో కూస్తో దగ్గరగా ఉండేది ఇలాంటి మోకాళ్ళే. ఆ పిల్లకు గాయం చిప్ప వెనక, పొర మందంగా ఉన్న చోట ఉండటం కూడా కలిసొచ్చే సంగతి. తొడ ఎముక కొన మీద ఉంటే, రెండు మిల్లీమీటర్ల పొర దగ్గర సర్జన్ చెయ్యి మరింత తేలికగా ఉండాలి.

మరి అరిగిన మోకాలి పెద్దవాళ్ళకు రేడియోతో పనే లేదా? ఉంది, గుజ్జు మీద కాదు, నరాల మీద. మోకాలి చుట్టూ మూడు చోట్ల జెనిక్యులర్ నరాలను స్కానింగ్ సాయంతో గుర్తించి, సూది కొనతో డెబ్బై, ఎనభై డిగ్రీల వేడి నిమిషన్నర సేపు ఇస్తారు. దక్షిణ కొరియాలో చోయి బృందం 38 మందిపై చేసి 2011లో ప్రకటించిన పరీక్షలో, వేడి నిజంగా అందుకున్న 17 మందిలో 10 మందికి పన్నెండు వారాల తరువాత కూడా నొప్పి సగానికి సగం తగ్గింది. ఉత్తుత్తి సూది వేసిన జట్టులో ఎవరికీ అంత తగ్గలేదు. కొనలో నీరు తిప్పి చల్లబరిచే రకానికి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. 151 మందితో 2018లో ప్రచురించిన పరీక్షలో ఆరు నెలలకు ఆ జట్టులో నూటికి 74 మందికి, స్టెరాయిడ్ సూది జట్టులో 16 మందికి నొప్పి సగం తగ్గింది. నరం మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ఫలితం నెలల్లోనే, మహా అయితే ఏడాది చుట్టూ. హాని సాధారణంగా సూది చోట కమిలిన మచ్చ, కొన్నాళ్ళు తిమ్మిరి. అరుదుగా పక్కనున్న రక్తనాళానికి దెబ్బ, చర్మం కాలడం, చీము పట్టడం. నొప్పి తెలియని కీలును మనిషి మరింత వాడేసి పాడుచేసుకుంటాడేమోనన్న భయం సిద్ధాంతంగా ఉంది. పరీక్షల్లో అది పెద్దగా రుజువు కాలేదు. గుండె జబ్బు వల్ల కీలు మార్పిడికి మత్తు తట్టుకోలేని పెద్దవాళ్ళకు ఇది మేలైన మార్గమని నా అభిప్రాయం. అయితే ఇది నొప్పిని ఆపే పని, గుజ్జును పెంచే పని కాదని సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి.

ఖర్చు విషయంలో ఒక మాట. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. పూర్తిగా అరిగిన మోకాలికి రుజువైన వైద్యం కీలు మార్పిడే. దాన్ని ఏడాదో రెండేళ్ళో వాయిదా వేయడానికి లాభం లేని కీహోల్ పనికి డబ్బు పోస్తే, ఎక్కువసార్లు రెండు ఖర్చులూ తప్పవు. ఖర్చు లేని వైద్యం ఒకటుంది, ఎవరూ వినరు. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో మెసియర్ బృందం కొలిచి చెప్పింది.

ఇంకొక సంగతి థియేటర్ తలుపు లోపలిది. వాండ్‌ను ఒక్కసారి వాడి పారేయాలని తయారీదారులే రాస్తారు. మన దేశంలో ఇలాంటి పరికరాలను శుద్ధి చేసి మళ్ళీ వాడటం కొత్త కాదు. అరిగిన కొన వేడిని సమానంగా ఇవ్వదు. సందుల్లో మిగిలిన మురికి చీముకు దారి. సురక్షితమా కాదా అన్న చర్చలో ప్రయోగశాల మిల్లీమీటర్ల కన్నా ఇదే పెద్ద ప్రమాదం కావచ్చు.

మొత్తం మీద నా తీర్పు ఇది. పీచులు లేచిన చిన్న గాయం, చుట్టూ మంచి పొర, వయసులో ఉన్న మోకాలు, ఆరితేరిన చెయ్యి ఉంటే రేడియో వేడి షేవర్ కన్నా మెరుగైన పనిముట్టు, దాని ప్రమాదం ఒప్పుకోదగినంత తక్కువ. మోకాలంతా అరిగిన వాతానికి అది పనికిరాదు, సురక్షితమైనా పనికిరాదు. నరాల వేడి వేరే వైద్యం, దాన్ని దాని పేరుతోనే అమ్మాలి.

అందుకే మోకాలికి "రేడియో" అని డాక్టరు గారు అన్నప్పుడు శ్రీకాకుళం రైతైనా, కూచిపూడి పిల్ల తల్లైనా భయపడకుండా అడగండి: వేడి పెట్టేది గుజ్జుకా, నరానికా? నా గాయం ఏ మెట్టులో ఉంది, ఒక్క చోటేనా, మోకాలంతానా? వ్యాయామంతో ఎన్నాళ్ళు చూశాం? వాండ్ కొత్తదేనా, దాని స్టిక్కర్ నా కేస్ షీట్‌లో అంటిస్తారా? ఇక బందరులో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు ఒక విన్నపం. దివిసీమ నుంచి గుడివాడ దాకా ఏ మోకాలికి ఏ వేడి పెట్టారో, రెండేళ్ళ తరువాత ఆ మనిషి ఎలా నడుస్తున్నాడో రాసే రిజిస్టరు ఒకటి ఎముకల విభాగంలో తెరవండి. అందుకు కావలసింది ఒక పుస్తకం, ఒక ఫోను, ఓపికున్న ఒక హౌస్ సర్జన్.